నాలుగు సాసర్ల ఆపా

ఆపా పోయిందని కార్డు వచ్చింది. ఆమె తమ్ముడు రాశాడు. మొత్తం నాలుగు ముక్కలు: పోయిన శుక్రవారం కన్ను మూసింది, ఎక్కువ బాధ పడలేదు, నలభయ్యో రోజున అన్నం పెడుతున్నాం, మీరు తప్పక రావాలి. అంతా అయిపోయాక, చిరునామా పక్కన మిగిలిన బెత్తెడు జాగాలో అక్షరాలు ఇరికించి ఇంకో ముక్క: "బస్సులోనే రమ్మని చెప్పింది."

తమ్ముడికి ఆ మాట అర్థమై ఉండదు. నల్గొండ నుంచి మహబూబ్‌నగర్‌కు మనిషన్నవాడు బస్సులో రాక ఏనుగు మీద వస్తాడా అనుకుని ఉంటాడు. ఒకప్పుడు నేను ఏనుగు గురించి కూడా ఆలోచించాను. దానికి కిటికీలుండవు కాబట్టి.

ఆమె పేరు రాయను. ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవగా వినలేదు. చిన్నా పెద్దా, హిందువూ ముస్లిమూ, రోగీ డాక్టరూ అందరికీ ఆమె ఆపానే, అంటే అక్క. ఊరికి వచ్చిన కలెక్టర్లు కూడా ఆపా అనేవారని విన్నాను. నేను విన్నవాటిలో సగం నేను పుట్టించినవేనని ముందే ఒప్పుకుంటున్నాను.

జిల్లా కేంద్రంలోని దవాఖానలో కట్లు కట్టే గదికి ఆమె ముప్పై ఏళ్ళు మహారాణి. ఎత్తు ఆరడుగులు. కొలిస్తే ఐదున్నర ఉంటుందేమో, కానీ బల్ల మీద కూర్చుని పుండు కాలు చాపినవాడికి కింద నుంచి చూస్తే ఆరుకు పైనే కనిపించేది. కళ్ళద్దాల పుల్ల ఒకటి ఎప్పుడో విరిగితే కట్టుగుడ్డతో చుట్టుకుంది. ఆ చుట్టు ఎంత నేర్పుగా ఉండేదంటే, విరగని పుల్లలోనే ఏదో లోపమున్నట్టు కనిపించేది. మగవాళ్ళ గడియారం ఒకటి కోటు జేబుకు తలకిందులుగా తగిలించుకునేది. ఆమె చెప్పుల చప్పుడు వరండా ఆ చివర వినపడితే ఈ చివర జ్వరాలు ఒక డిగ్రీ తగ్గేవి.

అయితే ఆమె ప్రతాపం చప్పుళ్ళలో లేదు. కట్టు విప్పడంలో ఉంది.

పుండుకు అంటుకుపోయిన గుడ్డను విప్పడం ఎలాంటిదో అనుభవించినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మామూలుగా ఏం చేస్తారు? "అటు చూడు, కాకి" అంటారు, సర్రున లాగుతారు. మనం కాకిని చూడం, నక్షత్రాలను చూస్తాం. ఆపా అలా చేసేది కాదు. గోరువెచ్చని ఉప్పునీళ్ళు గుడ్డ మీద చుక్కచుక్కగా పోస్తూ కూర్చునేది. మధ్యమధ్య పుండునే అడిగేది.

"ఇజాజత్ ఉన్నదా?"

అనుమతి ఉందా అని. పుండును అనుమతి అడిగే మనిషిని నేను ముందూ వెనకా చూడలేదు. వరసలో కూర్చున్న రోగులు నవ్వేవారు. ఆమె పట్టించుకునేది కాదు. గుడ్డ అంచు దానంతట అది లేచేదాకా వేలు పెట్టేది కాదు. ఒక్కో కట్టుకు అరగంట. బయట వరస ఎక్కడో ఉన్న కోస్గి దాకా ఉండేదని అంటే మీరు నమ్మరు గనక గేటు దాకా ఉండేదని రాస్తున్నాను.

"జబర్దస్తీగ గుంజితే గుడ్డ వస్తది బేటా. గుడ్డతోని కొత్త తోలు గూడ వస్తది. మల్ల మొదటికే."

ఈ బల్ల మీదికి నేను ఎలా చేరానో చెప్పాలి.

ఎనభైల చివర. నేను మహబూబ్‌నగర్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. ఫైళ్ళ పని మీద కోస్గి వెళ్ళి తిరిగి వస్తున్నాను. మూడు రోజుల ముసురు. దారిలో వాగు రోడ్డు మీదికి వచ్చింది. నీళ్ళ కింద రోడ్డు అంచు కొట్టుకుపోయి ఉంది, అది ఎవరికీ కనపడలేదు. బస్సు బర్రె పడుకున్నట్టు నెమ్మదిగా పక్కకు ఒరిగి వాగులో పడుకుంది. నేను కిటికీలోంచి బయటపడ్డాను.

ఈ సంగతి ఆఫీసులో నాకు ఆస్తి అయింది. "బస్సు స్నానానికి దిగింది" అని మొదలుపెట్టి, కండక్టరు నడుం లోతు నీళ్ళలో చిల్లర కోసం తడుముకోవడం దాకా అభినయంతో చెప్పేవాణ్ణి. మొదటి వారం నేను ఎవర్నీ కాపాడలేదు. నెల తిరిగేసరికి ఇద్దర్ని కాపాడాను. దసరాకు ఏడుగురు, ఒక మేక. పక్క ఆఫీసుల వాళ్ళు టీ విరామంలో వచ్చి వినిపోయేవారు. హెడ్ క్లర్కు తన బావమరిదిని ప్రత్యేకంగా తీసుకొచ్చి వినిపించాడు.

అంత బాగా చెప్పే మనిషి మళ్ళీ బస్సెక్కలేకపోయాడు. మెట్టు మీద కాలు పెట్టగానే పిక్కలు సిమెంటు అయ్యేవి. చెవుల్లో నీళ్ళ హోరు. రైలు ప్రయత్నించాను, దానికీ కిటికీలున్నాయి. జీపుకూ ఉన్నాయి. ఆఖరికి ఆఫీసులో నా కుర్చీని కిటికీ పక్క నుంచి బీరువా పక్కకు మార్చుకున్నాను, ఎండ అని చెప్పి.

నా భార్య అప్పుడు పురిటికి నల్గొండలో పుట్టింట్లో ఉంది. ఆడపిల్ల పుట్టింది. ఇరవయ్యొకటో రోజున తొట్టెల, అంటే పిల్లను ఊయల్లో వేసి, తండ్రి దాని చెవిలో పేరు చెప్పే వేడుక. నేను వెళ్ళలేదు. ఆఫీసు పని అని రాశాను. రెండో నెలలోనూ ఆఫీసు పనే. మూడో నెలలో ఆమె నుంచి ఉత్తరం వచ్చింది. మా ఆవిడ మగ్గాల ఇంటి పిల్ల, పోగు తెగితే దాని కొస దొరికేదాకా లేవని రకం. ఉత్తరమూ అలాగే ఉంది.

"మీ ఆఫీసుల పని మీరు లేకుంటే ఆగదని నాకు తెలుసు. మీరు బస్సెక్కుత లేరని కూడ తెలిసింది. పిల్లను ఎత్తుకొని నేనే వద్దును. కాని నేను వస్తే మీరు జన్మల బస్సెక్కరు. అందుకే వస్తలేను. తొట్టెల ఆపినం. మీరొచ్చి చెవుల చెప్పేదాక పిల్లకు పేరు లేదు. అందరు పాప అంటున్నరు. మా అమ్మ మాత్రం మిమ్ములను వేరే పేరుతోని పిలుస్తున్నది, అది రాయను."

నాకు పౌరుషం వచ్చింది. సైకిల్ తీశాను. నల్గొండ నూట అరవై కిలోమీటర్ల పైనే. నేను జడ్చర్ల దాకా వెళ్ళాను, పదిహేను. అక్కడ వెనక నుంచి ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. దాన్ని చూడగానే నా చేతులు హ్యాండిల్‌ను వదిలేశాయి. మోకాలు చిప్ప మీద అరచేతి మందం తోలు జడ్చర్ల రోడ్డుకు సమర్పించుకుని తిరిగొచ్చాను.

అలా ఆపా బల్ల మీదికి చేరాను.

ఆమె నీళ్ళు పోస్తూ, ఎట్ల పడ్డవని అడిగింది. నేను ఉత్సాహంగా అసలు బస్సు కథ నుంచి మొదలుపెట్టాను. వరసలో ఉన్నవాళ్ళు పుండ్లు మరిచి నవ్వారు. కంపౌండరు మందు సీసా పట్టుకునే చేత్తో పొట్ట పట్టుకున్నాడు. మేక దగ్గరకు వచ్చేసరికి ఒక చేయి విరిగినాయన రెండో చేత్తో తొడ చరిచాడు.

ఆపా ఒక్కతే నవ్వలేదు. గుడ్డ అంచు చూస్తూ అడిగింది.

"కిటికి పక్కన నువ్వు కూసున్నవ్. ఇవతల ఎవరు కూసున్నరు?"

నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అన్నిసార్లు చెప్పిన ఆ కథలో ఒక మనిషి లేడు. ఆ మనిషి లేకుండా చెప్పగలగడమే నా ప్రతిభంతా. పిక్కలు సిమెంటు అయ్యాయి, చెవుల్లో హోరు మొదలైంది.

ఆపా నా ముఖం చూసింది. వెంటనే నా పాదాలు రెండూ పట్టుకుని బల్ల కింది గచ్చు మీద పెట్టింది.

"గచ్చు సల్లగున్నదా?"

"ఉన్నది."

"నువ్వు యాడున్నవ్?"

"దవాఖానల."

"నీ ముంగట ఏమున్నది?"

"మీ ముక్కు."

"బాగ కనపడుతాందా?"

"అది కనపడకపోవుడు కష్టం ఆపా."

హోరు తగ్గింది. ఆమె కట్టు కట్టి ముడి వేసింది. "సరే. ఇయ్యాల ఇజాజత్ లేదు. ఐతారం నాడు ఇంటికి రా, చాయ్ తాగుదం."

ఆ ఇల్లు దవాఖాన వెనక సందులో. రెండు గదులు, ముందు ఒక వరండా. వరండాలో చాప, చాప మీద దస్తర్‌ఖాన్ పరిచి ఉంది. ముస్లింల ఇళ్ళలో అన్నం తినేటప్పుడు మధ్యలో పరిచే గుడ్డ అది. ఆమె దస్తర్‌ఖాన్ మీద నాలుగు సాసర్లు పెట్టింది. ఏ రెండూ ఒక జత కావు. ఒకటి అంచు పగిలింది, ఒకటి పూలది, ఒకటి తెల్లది, ఒకటి ఏ రంగో దానికే గుర్తు లేదు.

"ఎవరన్న వస్తున్నరా ఆపా?"

"వచ్చిండ్రు. నీతోనే వచ్చిండ్రు. ఒక మనిషంటే ఒక మనిషి గాదు బేటా, ఒక ఇల్లు. అండ్ల అందరుంటరు. నీ ఇంట్ల ఎవరెవరున్నరో చెప్పు."

ఈ విద్య ఆమెకు ఎక్కడిదో తర్వాత తెలిసింది. నర్సుగా రెండేళ్ళు హైదరాబాదులో మనసు జబ్బుల దవాఖానలో ట్రైనింగు అయింది. అక్కడ ఇద్దరు పెద్ద డాక్టర్లు. ఒకాయన, అంటే పెద్ద సారు, మనిషి లోపల చాలామంది ఉంటారు, ఒక్కొక్కరితో మాట్లాడాలి, ఎవర్నీ తిట్టొద్దు అనేవాడట. రెండో ఆయన, అంటే చిన్న సారు, మాటలు దండగ, భయం ఉండేది కాళ్ళలో, ఊపిరిలో, కడుపులో, మనిషిని కొంచెం కొంచెంగా దాని దగ్గరికి నడిపించాలి అనేవాడట. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. ఒకాయన వరండా తూర్పు వైపు నడిస్తే రెండో ఆయన సూర్యుణ్ణే తప్పు పట్టేవాడు. ఇద్దరికీ చాయ్ తీసుకుపోయేది మాత్రం ఆపా. వాళ్ళు కలవలేదు గానీ వాళ్ళ వైద్యాలు ఆమె ట్రేలో కలిశాయి.

"పెద్ద సారు మాట ఒక్కటే పట్టుకుంటే ముచ్చట్లు పెరుగుతయి, కాళ్ళు కదలవు. చిన్న సారు మాట ఒక్కటే పట్టుకుంటే కాళ్ళు కదులుతయి, లోపలోళ్ళు అంగి పట్టి ఎన్కకు గుంజుతరు. రెండు కలపాలె. ముందుగాల లోపలోళ్ళ ఇజాజత్, ఎన్క ఒక్క అడుగు. మల్ల ఇజాజత్, మల్ల ఒక్క అడుగు."

ఆ ఆదివారం నా ఇంటి జనాభా లెక్క తేలింది. పిక్కల్లో కూర్చుని కాలు కదలనీయనివాడు ఒకడు. వాడు భయం. అందర్నీ నవ్వించేవాడు ఒకడు. హెడ్ క్లర్కు గొంతుతో నన్ను పొద్దస్తమానం తిట్టేవాడు ఒకడు. నాలుగోవాడు ఎవరని అడిగితే, కిటికీ సీట్లో కూర్చున్నవాడు అన్నాను. వాడితో మాట్లాడతావా అంది. తల అడ్డంగా ఊపాను. సరేనని వాడి సాసర్‌ను గుడ్డ ఆ చివరకు జరిపి, చాయ్ మాత్రం పోసింది. మిగతా మూడు సాసర్లూ నేనే తాగాలి, ఒక్కొక్కటి ఒక్కొక్కడి పేరున. ఆ రెండు నెలల్లో నేను తాగిన చాయ్‌ని వాగులోకి వదిలితే ఇంకో బస్సు ఒరిగేది.

ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. సర్కారు గుమాస్తా తప్ప ఇంకెవడూ చేయని పొరపాటు. రెండో ఆదివారానికి మా లోపలివాళ్ళ సీనియారిటీ లిస్టు తయారు చేసి, ఆఫీసు మిషను మీద మూడు ప్రతులు టైపు కొట్టించి తీసుకుపోయాను. వరస నంబరు, హోదా, ఉద్యోగంలో చేరినప్పటి నుంచి చేసిన సేవ, రిమార్కులు. తిట్టేవాణ్ణి సూపరింటెండెంటు చేశాను. నవ్వించేవాడికి ప్రమోషన్ సిఫారసు చేశాను. భయం ఎదురుగా రిమార్కుల గడిలో, "విధులకు ఆటంకం. తక్షణం సస్పెండ్ చేయడమైనది." కిటికీ సీటువాడి పేరు లిస్టులోనే లేదు.

ఆపా కళ్ళద్దాలు సవరించుకుని అంతా చదివింది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పొయ్యి మీది నుంచి దించిన చాయ్ గిన్నెను దాని మీద పెట్టింది.

"దస్తర్‌ఖాన్ మీద కూసున్నోన్ని లేవగొడతరా ఎవరన్న? దుష్మన్ అయినా సరే, తినేటోన్ని లేవనియ్యరు. గిది మా ఇంటి కాయిదా, మా పద్ధతి. నీ భయం ఏం తప్పు చేసిండు? బస్సుల నిన్ను సావనియ్యలె. అప్పటి సంది డ్యూటీ దిగలె పాపం. నువ్వు సస్పెండ్ జేస్తవా?"

నేను తలూపాను. కానీ మర్నాడు మా ఆవిడ రెండో ఉత్తరం వచ్చింది. ఒకే వాక్యం. "పాప నిన్న బోర్ల పడ్డది, మీరు చూడలేదు."

ఆ వాక్యం జేబులో పెట్టుకుని సస్పెన్షన్ ఉత్తర్వును అమలు చేశాను. పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, నల్గొండ బస్సులోకి ఒక్క దూకు దూకాను. బస్సు స్టాండు దాటి మొదటి మలుపు తిరిగింది. ఆ మలుపులో నేను వేసిన కేకకు బర్రెలు తాళ్ళు తెంపుకున్నాయని అక్కడివాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. డ్రైవరు ఆపాడు. రోడ్డు పక్కన కక్కుకుంటుంటే కండక్టరు నా సంచి కిందికి అందిస్తూ, "అన్నా, దిగెటోనివి ఎందుకెక్కినవే" అన్నాడు, చాలా మర్యాదగా.

ఆ వారం రెండు రోజులు మంచం దిగలేదు. మానుతున్న మోకాలి నుంచి కూడా మళ్ళీ రక్తం కారింది, దూకడంలో తగిలి. ఆపా కట్టు విప్పుతూ తిట్టలేదు. "గుంజినవ్" అంది. "తోలు లేచింది. మల్ల నీళ్ళు పోద్దం." అరగంట చుక్కచుక్కగా పోసింది. ఆమె మొండితనం నాకు అప్పుడు తెలిసింది. అరిచేవాళ్ళ మొండితనాన్ని మనం ఏదో రకంగా తప్పించుకోవచ్చు, నీళ్ళు పోసేవాళ్ళ మొండితనం నుంచి తప్పించుకోలేం.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం అసలు పని జరిగింది. అది నేను నవ్వులాటగా చెప్పలేను. చెప్పడానికి ప్రయత్నిస్తాను, మధ్యలో నవ్వించేవాడు దూరితే మన్నించండి.

ఆపా పగిలిన సాసర్‌లో చాయ్ పోసి భయాన్ని అడగమంది. "ఆ నాలుగో ఆయనతోని మాట్లాడితే నీకేం భయం?" నేను లోపలికి అడిగాను. పిక్కల్లోంచి జవాబు వచ్చింది, మళ్ళీ మునుగుతాం అని. "మునగనియ్యను. గచ్చు మీద కాళ్ళుంటయి. నీకు ఎక్కువైతే చెయ్యెత్తు, ఆపుదం" అని ఆపా వాడికి మాటిచ్చింది. తిట్టేవాణ్ణి అడిగాను. వాడు సణిగాడు గానీ పక్కకు తప్పుకున్నాడు. నవ్వించేవాడి వంతు వచ్చింది. వాడు వెంటనే, ఆపా, ఈ సాసర్‌లో ఈగ ఈత నేర్చుకుంటాంది, దాన్ని గూడ కాపాడాల్నా, అన్నాడు. ఈసారి ఆపా నవ్వింది. పూల సాసర్ నిండా పోసి నా వైపు జరిపింది.

"నువ్వు గూడ తాగు బేటా. నువ్వు లేకుంటే ఈయన ఆఫీసుకు గూడ పోకపోతుండె. జర సేపు కూసో. నీ జాగ యాడికి పోదు."

నా జీవితంలో నా హాస్యానికి అంత గౌరవం ఇంకెవరూ ఇవ్వలేదు. వాడు కూర్చున్నాడు.

అప్పుడు ఆమె నన్ను రెండు మోకాళ్ళ మీద చేతులతో నెమ్మదిగా, కుడి, ఎడమ, కుడి, ఎడమ, తడుతూ ఉండమంది. తడుతూ కిటికీ సీటువాడిని చెప్పనివ్వమంది.

పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. తలకు రుమాలు, ఒళ్ళో ఒక మూట. కోస్గిలో ఎక్కాడు. బస్సు కదిలిన కాసేపటికి, "బిడ్డా, జర కిటికి పక్కన కూసుంట, కడుపుల తిప్పుతాంది" అన్నాడు. నేను గాలి కోసం ముందే వచ్చి పట్టుకున్న సీటు అది. విననట్టు బయటికి చూశాను. రెండోసారి అడగలేదు ఆయన. వాగు వచ్చింది. నేను కిటికీలోంచి బయటపడ్డాను. ఆయన పడలేదు.

అంతే. ఇంతకన్నా ఏమీ లేదు. ఎనిమిది నెలల తర్వాత ఈ నాలుగు మాటలు బయటికి వచ్చాయి. మధ్యలో హోరు మూడుసార్లు లేచింది, మూడుసార్లూ చెయ్యెత్తాను, మూడుసార్లూ ఆపా ఆపి గచ్చు సల్లదనం అడిగింది.

నీ తప్పు లేదని అంటుందని చూశాను. ఆ మాట అంటే నేను నమ్మను, అది ఆమెకూ తెలుసు. ఆమె లేచి లోపలికి వెళ్ళి ఐదో సాసర్ తెచ్చింది. నా పక్కన చాప మీద పెట్టి చాయ్ పోసింది.

"ఇప్పుడు అడుగుతున్నడు అనుకో. జాగ ఇయ్యమంటున్నడు. ఏం జేస్తవ్?"

నేను జరిగాను. చాప మీద ఒక మూరెడు. ఆ మూరెడు జరగడానికి ఎంత బలం పట్టిందో చెబితే అతిశయోక్తి అంటారు. నేను చేసిన అతిశయోక్తులన్నీ కలిపినా అంత బరువుండవు. నడుం కింది నుంచి మెడ దాకా కండలన్నీ వణికాయి. జరిగిన తర్వాత పిక్కలు వదులయ్యాయి. ఎనిమిది నెలల కింద బస్సులో జరగాల్సినవాణ్ణి అప్పుడు జరిగాను. చాలాసేపు ఏడ్చాను. ఆపా చాయ్ మళ్ళీ వేడి చేసింది.

తర్వాత చిన్న సారు వైద్యం మొదలైంది. మొదటి రోజు బస్టాండు బయట చాయ్. రెండో రోజు లోపల బెంచీ మీద. మూడో రోజు ఆగి ఉన్న బస్సు ఒంటి మీద అరచేయి పెట్టడం. ప్రతి అడుగుకూ ముందు నేను కళ్ళు మూసుకుని లోపలివాళ్ళను అడిగేవాణ్ణి, ఆపా పక్కన గడియారం తిప్పి చూసుకుంటూ నిలబడేది. బస్టాండు మొత్తానికి మేము వినోదమైపోయాం. పల్లీలమ్మే ఆమె బోణీకి ముందు నా ముఖం చూసేది. ఒకరోజు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టుకుని అడుగుతుంటే కండక్టరుకు ఓపిక పోయింది.

"ఎక్కుతడా దిగుతడా అమ్మా?"

"జర ఆగు. ఇజాజత్ రాలె."

"నాకు మా మేనేజర్ ఇజాజత్ ఇచ్చిండు, చాలదా?"

"నీ మేనేజర్ ఒక్కడే. ఈయన లోపల నలుగురున్నరు."

కండక్టరు నా వైపు చూసి, తలలో ఏదో లెక్క వేసుకుని, "గట్లయితే నాలుగు టికెట్లు కొట్టాల్నా" అన్నాడు. అందరూ నవ్వారు, లోపలి నలుగురితో సహా. కాలు దానంతట అది పైకి వచ్చింది.

నల్గొండ ప్రయాణం రోజున ఆపా జడ్చర్ల దాకానే వస్తానంది. నేను బతిమాలాను. కల్వకుర్తి దాకా, పోనీ దేవరకొండ దాకా. "నేను వస్తే నన్ను చూసి కూసుంటవ్. నిన్ను నువ్వు చూస్కో" అంది. నా భార్యా ఆమే ఒకరినొకరు చూడకుండానే ఒకే మాట మీద ఎలా ఉన్నారో నాకు నేటికీ తెలియదు. జడ్చర్లలో దిగి, కిటికీ కింద నిలబడి, "కాళ్ళు?" అంది. "కిందనే ఉన్నయి ఆపా." "పిల్లకు నా దువా, నా దీవెన చెప్పు." బస్సు కదిలింది. ఆమె వెనక్కి తిరిగి చూడకుండా చెప్పులు చప్పుడు చేసుకుంటూ వెళ్ళింది.

ఆ దారి పొడుగునా నేను ఒక పిచ్చి పని చేశాను. కిటికీ సీట్లో కూర్చున్న నేను, ఎక్కిన ప్రతి ముసలివాణ్ణీ కిటికీ పక్కకు రమ్మని పిలిచాను. ఒకాయన గాలి పడదన్నాడు. ఒకామె ఎండ అంది. కల్వకుర్తిలో ఎక్కిన ఒక తాత నన్ను అనుమానంగా చూసి, "ఏం, ఆ సీటు తడిగున్నదా?" అన్నాడు. దేవరకొండ వచ్చేసరికి బస్సంతా నన్ను చూసి చెవులు కొరుక్కుంది. నా త్యాగాన్ని ఒక్కడూ స్వీకరించలేదు. అడుగుతూనే ఉన్నాను. అడిగిన ప్రతిసారీ లోపల తిట్టేవాడి గొంతు ఒక పిసరు తగ్గింది.

నల్గొండలో మా అత్త తలుపు తీసి, ఆ ఉత్తరంలో రాయని పేరుతోనే పిలిచింది. మా ఆవిడ పిల్లను నా చేతుల్లో పెట్టి, నా చెవిలో ఒక పేరు చెప్పింది. ఐదు నెలలుగా దాచి ఉంచిన పేరు. నేను దాన్ని పిల్ల చెవిలో చెప్పాను. పేరు పెట్టింది నేనేనని అందరికీ చెబుతుంటాను.

మళ్ళీ బదిలీ అయి సొంత జిల్లా నల్గొండకు వచ్చేదాకా ప్రతి ఆదివారం ఆపా ఇంటికి వెళ్ళాను. భయం ఎప్పుడూ పోలేదు. ఈనాటికీ వాగు దాటేటప్పుడు పిక్కల్లో లేచి నిలబడతాడు. నేను వాణ్ణి చూసి తలూపుతాను, వాడు కూర్చుంటాడు. ఆమె బాగు చేయడమంటే అదే. పంపించడం కాదు, కూర్చోబెట్టడం.

నలభయ్యో రోజున బస్సులోనే వెళ్ళాను. పదేళ్ళ నా బిడ్డ కూడా వచ్చింది, దారంతా కిటికీ పక్కన అదే కూర్చుంది. ఆ సందులో, అదే వరండాలో, దస్తర్‌ఖాన్ ఈసారి పొడుగ్గా సందు మలుపు దాకా పరిచి ఉంది. ఊళ్ళో మానిన పుండ్లన్నీ అక్కడ వరసగా కూర్చున్నాయి. ఆ చేయి విరిగినాయన రెండు చేతులతో తింటున్నాడు. నల్గొండ దాకా ఆ వరస ఉందని రాయాలని ఉంది. రాయను.

అన్నం అయ్యాక ఆపా తమ్ముడు చాయ్ పోస్తూ వచ్చాడు. పూల సాసర్ నా ముందే పెట్టాడు, తెలిసి కాదు. ఆ క్షణంలో లోపల ఎవరో వచ్చి నిలబడ్డారు. భయం కాదు, తిట్టేవాడు కాదు, కొత్త మనిషి, ఆపా పోయిందన్న కార్డు చదివినప్పటి నుంచి గడప బయటే ఆగినవాడు. నవ్వించేవాడు ఎప్పటిలా అడ్డుగా లేచి ఏదో అనబోయాడు. ఆ కొత్త మనిషి ముఖం చూసి వాడూ ఊరుకున్నాడు.

"భయ్యా, ఇంకొక సాసర్ ఉంటదా?" అని అడిగాను.

తమ్ముడు ఒకటి తెచ్చి పెట్టాడు. అంచు పగిలింది. నేను చాప మీద ఒక మూరెడు పక్కకు జరిగాను.

"ఎవరొస్తున్నరు బాపు?" అంది నా బిడ్డ.

"వచ్చిండు బిడ్డా" అన్నాను. "కూసుంటున్నడు."